నీటితో ఆడేవాడి ధర్మం

ఒకే నీటిలో మునిగి మరణించిన ముగ్గురిని ధర్మశాస్త్రాలు ఒక్క తీరుగా చూడవు. ప్రాణం తీసుకోవాలన్న కోరికతో నీటిలోకి దిగినవాడి విషయంలో బంధువులకు మామూలుగా ఉండే దినాల అశౌచం, అంటే మరణం వల్ల కలిగే మైల, ఉండదని గౌతమ ధర్మసూత్రం చెబుతుంది. ఆయుధం, నిప్పు, విషం, నీరు, ఉరి, ఎత్తు నుంచి దూకడం అంటూ మరణ మార్గాలను వరుసగా పేర్కొన్న ఆ సూత్రం, ఇది కోరి చేసినవారికే వర్తిస్తుందని ప్రత్యేకంగా చేర్చడం వల్ల, దోషం నీటిలోనో నిప్పులోనో కాక సంకల్పంలో ఉన్నదని తేలుతుంది. ఏమరుపాటున కాలుజారి నీటిలో పడి చనిపోయినవాడికి మాత్రం అశౌచమూ, పోయినవారికి బంధువులు నీళ్లు వదిలే ఉదకక్రియా యథావిధిగా జరగవలసిందేనని యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షర నిర్ణయిస్తుంది. ఈ ఇద్దరికీ మధ్య మరొకడున్నాడు. వాడు చావును కోరుకోలేదు, ఏమరుపాటునా పడలేదు; కొమ్ములున్న జంతువులతోనో, కోరలున్న జంతువులతోనో, పాములతోనో, నిప్పుతోనో, నీటితోనో ఆటలాడుతూ పోయాడు. వేర్వేరు స్మృతుల, పురాణాల వాక్యాలను ఒకచోట చేర్చి తీర్పు చెప్పే తరువాతి కాలపు నిబంధ గ్రంథాలు, ఇలా పోయినవాడిని దూరంగా పెట్టమన్న పురాణ వాక్యాన్ని ఉదహరిస్తాయి.

మితాక్షర తెలుగువారికి పరాయి గ్రంథం కాదు. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన ఆ వ్యాఖ్యను 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆస్తి పంపకాల్లో ఆంధ్రదేశపు హిందూ కుటుంబాలు ఇటీవలి దాకా ఆ గ్రంథం చూపిన దారినే నడిచాయి. అయితే శాస్త్రకారుల కళ్ల ముందున్న ఆటగాడు ఎద్దును రెచ్చగొట్టేవాడు, పామును ఆడించేవాడు, వరదలో పందెం కట్టి దూకేవాడు. ఏళ్ల తరబడి అభ్యాసం చేసి, తాళ్లనూ తోడునూ వెంటబెట్టుకుని, దిగబోయే జలపాతాన్ని గట్టు మీద కూర్చుని గంటసేపు పరిశీలించి, అప్పుడు దిగాలో వద్దో తేల్చుకునే మనిషి వారికి తారసపడి ఉండడు. అటువంటి మనిషి ఇప్పుడున్నాడు. అతడు చేసేది ఆత్మహత్యకు దగ్గరి పనా, శాస్త్రం నిరసించిన క్రీడయేనా, లేక ఈ రెంటికీ చెందని మరొకటా అన్నది ధర్మవిచారణకు తగిన ప్రశ్నే.

ఆ పని ఏమిటో ముందు చూడాలి. తెల్లనీటి కయాకింగ్ అంటే నురగలు కక్కుతూ బండల మధ్య దూకే నీటిలో ఒంటిమనిషి పడవను నడపడం. కూర్చున్నవాడి నడుము చుట్టూ ఉండే ఖాళీని స్ప్రే స్కర్ట్ అనే సాగే గుడ్డతో బిగించి మూసేస్తారు కాబట్టి పడవలోకి నీరు చేరదు. రెండు కొసలా రెక్కలున్న తెడ్డు ఒక్కటే చేతిలో ఉంటుంది. పడవ బోల్తా పడినా మనిషి బయటికి రాకుండానే నడుమునూ తెడ్డునూ కలిపి తిప్పి మళ్లీ నీటి పైకి లేవగలడు. ఈ విద్యలోని అతి కఠినమైన శాఖ పెద్ద నదుల మీద కాక, అమెరికాలో క్రీక్ అని పిలిచే ఇరుకైన, నిటారైన కొండవాగుల మీద సాగుతుంది. అక్కడి పడవ ఎనిమిది తొమ్మిది అడుగుల పొట్టి పడవ. బండలకు కొట్టుకున్నా పగలని గట్టి ప్లాస్టిక్‌తో, దూకిన తరువాత త్వరగా పైకి తేలేలా బొద్దుగా, ముక్కు పైకి లేచి ఉంటుంది. నీటి కష్టాన్ని ఒకటి నుంచి ఆరు దాకా తరగతులుగా విభజించే అంతర్జాతీయ కొలమానంలో ఇటువంటి వాగులు చాలావరకు అయిదో తరగతిలోకి వస్తాయి. ఆరో తరగతి అంటే మనిషి దిగగలడా అన్నదే అనుమానమైన నీరు.

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పర్వతాల పడమటి వాలున పారే చెర్రీ క్రీక్ ఎగువ భాగం ఈ విద్యలో పేరుమోసిన చోటు. దాని పరివాహకంలో చాలా భాగం 1975లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఎమిగ్రాంట్ వైల్డర్‌నెస్‌లో ఉంది. అక్కడికి రోడ్డు లేదు, మోటారు వాహనాలకు అనుమతి లేదు. పడవలోనే పక్కబట్టలు, తిండి కుక్కుకుని, ఆ పడవను వీపున కట్టుకుని, పది మైళ్లకు పైగా కొండదారిన నడిచి వెళ్లాలి. హిమానీనదాలు ఒరిసి ఒరిసి నునుపు చేసిన గ్రానైటు రాతి మీద నీరు ఒకచోట జారుడుబండలా పరుచుకుని, మరొకచోట ఇరవై అడుగులకు మించి ఒక్కసారిగా దూకి, మధ్యలో లోతైన మడుగుల్లో నిలుస్తుంది. పై కొండల మంచు కరిగే వేసవి తొలిభాగంలో, అదీ కొద్ది వారాలు మాత్రమే, పడవకు తగినంత నీరు ఉంటుంది. మంచు పగటి ఎండకు కరుగుతుంది గనుక ఆ నీరు కిందికి చేరేసరికి పొద్దుగూకుతుంది. మధ్యాహ్నం చూసిన వాగూ రాత్రి బస చేసినప్పటి వాగూ ఒకే వాగు కాదు. చెర్రీ బాంబ్ అనే లోయలో రెండు వైపులా రాతి గోడలు నిలువునా లేచి ఉంటాయి. ఒకసారి లోపలికి దిగాక పక్కకు తప్పుకునే వీలు లేనట్టే కాబట్టి, దిగకముందే పైనుంచి చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఇక్కడ ప్రాణం తీసేది సాధారణంగా జనం అనుకునే ఎత్తు కాదు. గట్టు మీంచి దూకిన నీరు మడుగు అడుగుకు దిగిపోతున్నప్పుడు, ఆ ఖాళీని నింపడానికి పైపొర నీరు వెనక్కి, అంటే జలపాతం వైపుకే, పారుతుంది. హైడ్రాలిక్ అనే ఆ తిరుగునీటిలో చిక్కిన వస్తువు బయటికి కొట్టుకుపోకుండా దూకుడు కిందికి మళ్లీ మళ్లీ లాగబడుతుంది. పైగా అక్కడి నీటిలో గాలి బుడగలు ఎక్కువ కాబట్టి అది మనిషిని మామూలు నీరంత బాగా తేల్చదు. ఇంతకంటే భయంకరమైనవి పైకి కనిపించనివి. ప్రవాహం ఏళ్ల తరబడి కింద తొలిచేసిన బండ పైనుంచి చూస్తే మామూలు బండలాగే ఉంటుంది, నీరు మాత్రం దాని కడుపులోకి పోతుంది. గుట్టగా పడిన రాళ్ల సందుల్లోంచి నీరు వడగట్టినట్టు జారిపోయే చోటును జల్లెడ అంటారు, అడ్డంగా కూలిన చెట్టు చేసే పనీ అదే. నీటిని పోనిచ్చి మనిషిని పట్టి ఉంచుతాయి. మనిషి తల పైనుంచి సాఫీగా పారే రెండడుగుల నీరు ఆ స్థితిలో చాలు.

అందుకే వాగు కయాకింగ్‌లో అసలైన పని చాలావరకు పడవ దిగి జరుగుతుంది. ముందున్న నీరు ఒక గీత దగ్గర ఆగినట్టుండి అవతల ఏమీ కనిపించకపోతే అక్కడ దూకుడు ఉన్నట్టు. ఆ గీతకు ఎగువనే, బండ వెనక ప్రవాహం మళ్లి నిలిచే ఎడ్డీ అనే చోట పడవను ఆపి, రాతి మీదికి ఎక్కి, అంచు దాకా పాకి కిందికి చూస్తారు. ఎండుకొమ్మ ఒకటి విరిచి, పడవ ఎక్కడినుంచి దిగాలనుకుంటున్నారో అక్కడ నీటిలో వేస్తారు. కొమ్మ మునిగి మడుగు చివర తేలిందంటే ఒక మాట. మునిగి, చాలాసేపు కనిపించక, తేలి మళ్లీ జలపాతం వైపే పోయిందంటే మరో మాట. అసలు తేలలేదంటే చర్చ అక్కడితో సరి. ఆ తరువాత తాడు పట్టుకుని ఎవరు ఏ బండ మీద నిలబడాలి, అనుకున్న దారి తప్పితే నీరు మనిషిని ఎటు తీసుకుపోతుంది, అటు పోయినవాడిని అందుకునే వీలుందా అన్న లెక్క మొదలవుతుంది. దిగేవాడు దిగుతాడు. వద్దనుకున్నవాడు పడవను భుజానికెత్తుకుని రాళ్ల మీదుగా నడిచి జలపాతం దిగువన నీటిలో కలుస్తాడు. దీన్ని పోర్టేజ్ అంటారు, ఇదీ ఆ విద్యలో భాగమే. ఎవరెందుకు నడిచారని తోటివారు నిలదీయకపోవడం ఈ వాగుల మర్యాద.

ఈ మర్యాదకు ప్రాచీన శాస్త్రంలో ఊహించని తోడు దొరుకుతుంది. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో, విద్య ముగించుకున్న గృహస్థు పాటించవలసిన నియమాల మధ్య, కంటికి ఆనని దుర్గమ ప్రదేశంలోకి ఎన్నడూ అడుగుపెట్టరాదనీ, చేతులతో ఈది నది దాటరాదనీ ఒకే శ్లోకం చెబుతుంది. (ఈ రెంటి నడుమ మలమూత్రాల వంక చూడరాదన్న నియమం ఒకటి ఇరుక్కుని ఉండటం స్మృతుల పద్ధతి తెలిసినవారికి వింతగా తోచదు.) ఆపస్తంబ ధర్మసూత్రం కూడా ఈది నది దాటడాన్నీ, నమ్మకం లేని పడవ ఎక్కడాన్నీ మానుకోమంటుంది; తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రానికి చెందినవారే కాబట్టి, ఈ నిషేధం కృష్ణా గోదావరుల ఒడ్డున తరతరాలుగా వల్లెవేసిన చదువులో భాగం. పైకి చూస్తే ఇవి కయాక్ ఎక్కేవాడిని ఇంట్లో కూర్చోమంటున్నట్టుంటాయి. కొంచెం నిలిచి చదివితే నిషేధం నీటి మీద కన్నా చూపులేమి మీద, పనిముట్టు మీద ఉన్న అనుమానం మీద ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది. మనువు దుర్గమమైన చోటునంతటినీ కాదనలేదు, కంటికి కనిపించని దుర్గమాన్ని కాదన్నాడు. ఈ షరతును వ్యర్థపదంగా కొట్టిపారేయకపోతే, గీత అవతల ఏముందో చూడకుండా దిగేవాడికీ, రాతి అంచున బోర్లా పడుకుని చూసి దిగేవాడికీ ధర్మదృష్టిలో తేడా ఉన్నట్టే.

ఆపస్తంబుడి పడవ నియమం మాత్రం మరో చోటికి దారితీస్తుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన పర్యాటకుల బోటు కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. టికెట్టు కొని ఎక్కినవారికి ఆ రోజు నీటి ఉద్ధృతిని గాని, ఆ బోటును గాని పరీక్షించే విద్యా లేదు, అవకాశమూ లేదు; కాబట్టి నమ్మకం లేని పడవ ఎక్కరాదన్న విధి భారం వారి మీద పడదు, నడిపినవారి మీద, నడవనిచ్చినవారి మీద పడుతుంది. తన కంటితో చూసి తాను తెచ్చుకున్న అపాయం వేరు, ఇంకొకరి నెత్తిన పెట్టిన అపాయం వేరు. కయాక్ క్రీడను దుస్సాహసమని కోపగించే సమాజాలు రెండోదాని విషయంలో చాలా సహనంగా ఉండటం గమనించదగ్గది.

సాహసానికీ తెలివికీ గల సంబంధం గ్రీకు తత్త్వశాస్త్రంలో దాదాపు ఇదే నీటి దృష్టాంతంతో చర్చకు వచ్చింది. ప్లేటో రాసిన ‘లాఖీస్’ అనే సంభాషణలో, ధైర్యమంటే తెలివితో కూడిన ఓర్పు అని అంగీకరించిన సేనాని లాఖీస్‌ను సోక్రటీసు ఒక చిక్కులో పడేస్తాడు: బావిలోకి మునకవేసే ఇద్దరిలో ఒకడికి ఆ విద్య వచ్చు, ఇంకొకడికి రాదు, రానివాడు కదా ఎక్కువ ధైర్యం చూపినట్టు? అయితే తెలివితక్కువతనమే ధైర్యమా? మరో సేనాని నికియాస్ అప్పుడు, దేనికి భయపడాలో దేనికి భయపడనక్కరలేదో తెలియడమే ధైర్యమంటాడు. సోక్రటీసు దాన్నీ నిలవనివ్వడు. అంత తెలిస్తే మంచిచెడ్డలన్నీ తెలిసినట్టే, అది ధైర్యమొక్కటే కాదు, సంపూర్ణ సద్గుణం అవుతుందంటాడు. సంభాషణ తేలకుండానే ముగుస్తుంది. తరువాత అరిస్టాటిల్, సముద్రంలో నావికుల నిబ్బరం అనుభవం వల్ల వచ్చిన భరోసాయే గాని నిజమైన ధైర్యం కాదనీ, మునిగిపోయేవాడికి పరాక్రమం చూపే వీలు గాని ఆ చావులో ఉదాత్తత గాని లేవు కనుక ధైర్యానికి సిసలైన చోటు యుద్ధమేననీ తీర్మానించాడు. ఇందులో మొదటి మాట బలమైనది. తుఫానులో మునిగే ఓడ ప్రయాణికుడికే సరిపోయే రెండో మాట, ప్రతి క్షణం తెడ్డుతో జవాబివ్వగల మనిషికి వర్తించదు. అరిస్టాటిల్ ఎరిగిన సముద్రంలో ప్రాణాపాయం మనిషి మీదికి వచ్చి పడేది. వాగులో మనిషే దాని దగ్గరికి నడిచి వెళతాడు.

నికియాస్ చెప్పిన నిర్వచనానికి భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలోని సాత్త్విక బుద్ధి లక్షణం చాలా దగ్గరగా ఉంటుంది. చేయవలసినదీ చేయరానిదీ, ముందుకు సాగవలసినదీ వెనుదిరగవలసినదీ, భయపడవలసినదీ భయపడనక్కరలేనిదీ ఎరిగిన బుద్ధి సాత్త్వికమని అక్కడ ఉంది. భయం లేకపోవడాన్ని కాక, భయం ఎక్కడ ఉండాలో తెలియడాన్ని గుణంగా ఎంచిన మాట ఇది. దీనికి అయిదు శ్లోకాల ముందు తామస కర్మను చెబుతూ, పర్యవసానాన్నీ, నష్టాన్నీ, హింసనూ, తన శక్తినీ చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టిన పని తామసమని అంటుంది. శంకరుడు తన భాష్యంలో అక్కడి నష్టాన్ని శక్తి గాని ధనం గాని క్షీణించడమనీ, హింసను ప్రాణులకు కలిగే పీడ అనీ వివరించాడు. ఈ నాలుగు పరీక్షలను వాగు గట్టున నిలిపి చూస్తే కొమ్మ విసిరి చూడటం మొదటి పరీక్షకూ, దారి తప్పితే ఏమిటన్న లెక్క రెండో దానికీ సమాధానమవుతాయి. తన శక్తిని చూసుకోవడం అంత సులభం కాదు. నిన్న దిగిన దూకుడే ఇవాళ భుజాలు అలిసిపోయిన మనిషికి చేయరాని పని కావచ్చు, పక్కవాడు అవలీలగా దిగాడన్నది ఇతనికి ప్రమాణం కాదు. మీమాంసకులు ఒక కర్మ చేయడానికి అధికారం, అంటే అర్హత, ఎవరికన్న విషయంలో కోరిక, సామర్థ్యం, ఆ కర్మ గురించిన తెలివి మూడూ ఉండాలంటారు. కొండవాగు దగ్గర మొదటిదానికి ఎప్పుడూ లోటు ఉండదు. తగాదా అంతా మిగిలిన రెంటితోనే.

మూడో పరీక్ష అయిన హింస గురించి క్రీడాభిమానులు తక్కువ మాట్లాడతారు. ఒంటిమనిషి పడవ కాబట్టి అపాయమూ ఒంటిమనిషిదేనన్న వాదన తాడు విసిరేవాడిని చూడగానే నిలవదు. తిరుగునీటిలో చిక్కినవాడికి తాడు అందకపోతే, ఒడ్డున ఉన్నవాడు తన లైఫ్ జాకెట్ వెనక తాడు కట్టుకుని, దాని కొసను మరొకరి చేతికిచ్చి, అదే నీటిలోకి దూకి పట్టుకుంటాడు. అంటే దిగిన మనిషి తన నిర్ణయంతో పాటు మరో ఇద్దరి నిర్ణయాన్ని కూడా ముందే తీసేసుకున్నాడు. రోడ్డుకు పది మైళ్ల దూరంలో హెలికాప్టరులో వచ్చే సహాయక బృందం, ఇంటి దగ్గర ఉన్న తల్లిదండ్రులు, భార్యాపిల్లలు ఈ లెక్కలోకి వచ్చేవారే. వీరిలో కొమ్మ ఎటు పోయిందో చూసినవారు ఒక్కరూ లేరు. తోటివారి అంగీకారం అడిగి తీసుకోవచ్చు. ఇంట్లోవారి అంగీకారం సాధారణంగా ఊహించుకున్నదే. సాత్త్వికమనిపించుకోదగిన ఎంత చక్కటి పరిశీలన అయినా ఈ అంశంలో కొంత తామసాన్ని మిగుల్చుకుంటుందని ఒప్పుకోవడమే న్యాయం.

ధైర్యంతో పాటు విశ్వాసం కూడా ఈ చర్చలోకి వస్తుంది. అమెరికన్ తాత్త్వికుడు విలియం జేమ్స్ వ్యాసాల్లో (1897లో సంపుటంగా వెలువడ్డాయి) ఆల్ప్స్ కొండల్లో అగాధాన్ని దూకితే తప్ప బయటపడలేని స్థితిలో చిక్కిన మనిషి దృష్టాంతం ఉంది. దూకగలనని నమ్మినవాడి కాళ్లకు ఆ నమ్మకమే బలమిస్తుంది, సందేహించినవాడు సందేహం వల్లనే పడతాడు. కాబట్టి కొన్ని సత్యాలు నమ్మకం వల్లనే సత్యాలవుతాయని జేమ్స్ వాదం. మతవిశ్వాసానికి ఆయన కట్టిన సమర్థన ఇది. జలపాతం అంచున తెడ్డు వేయడంలో సగం మనసు పెట్టినవాడు బోల్తా కొడతాడన్నది కయాక్ ఎక్కేవారందరూ ఎరిగినదే కనుక, దృష్టాంతం వారికి నచ్చుతుంది. కాని జేమ్స్ కొండదారి మనిషికి వెనక్కి పోయే తోవ లేదు. వాగు గట్టున నిలబడ్డవాడికి ఉంది. నమ్మకం సత్యాన్ని నిర్మించేది నిర్ణయం తరువాత, పడవలో కూర్చున్నాక. దానికి ముందు, ఇంకా రాతి మీద ఉండగానే నమ్మకాన్ని సాక్ష్యంగా తెచ్చుకున్నవాడు కింద తొలిచిన బండను తన ఆత్మవిశ్వాసంతో పూడ్చగలననుకుంటున్నాడు. మతంలోనూ ఈ క్రమం తారుమారైన చోట్ల ఇదే జరుగుతుంది.

నీటిలో దిగినవాడి మీద చూసేవాడి తీర్పు ఎంత తేలికగా పొరబడుతుందో చైనా తావో గ్రంథం ‘చువాంగ్ త్సు’ 19వ అధ్యాయంలోని కథ చూపుతుంది. లూలియాంగ్ జలపాతం దగ్గర, చేపలూ తాబేళ్లూ కూడా నిలవలేని నురగనీటిలో ఒక మనిషి కనిపించగా, ఏదో దుఃఖంతో చావడానికి దిగాడనుకుని కన్ఫ్యూషియస్ అతడిని లాగమని శిష్యులను ఒడ్డు వెంట పంపుతాడు. ఆ మనిషి కొంతదూరాన తీరికగా పైకి వచ్చి, జుట్టు విరబోసుకుని పాడుకుంటూ నడుస్తాడు. అతడికి రహస్య విద్య ఏదీ లేదట. సుడితో లోపలికి పోయి, ఉబికే నీటితో పైకి వచ్చి, తన ఇష్టాన్ని జోక్యం చేసుకోనివ్వకుండా నీటి తోవను అనుసరిస్తాడట. ఈ కథను ఆధునికులు అహంకారలయానికి, నీటితో ఏకత్వానికి ఉదాహరణగా వాడుకుంటారు. వాడుకునేటప్పుడు కథలోని రెండో సగం వదిలేస్తారు: ఆ మనిషి ఆ నీటి దగ్గరే పెరిగి, నీటిలో నిశ్చింతగా ఉండటాన్ని స్వభావం చేసుకున్నవాడు. ఏకత్వం అక్కడ సాధన చివరి ఫలితం. దాన్ని మొదటి మెట్టుగా పెట్టుకుని వారాంతంలో కొండవాగుకు వచ్చినవాడికి ఈ కథ రక్ష కాదు. కన్ఫ్యూషియస్ శిష్యులను పంపడమూ తప్పు కాదు. చూసేవాడికి తెలియనప్పుడు తాడుతో పరుగెత్తడమే సరైన పని.

కయాక్‌ను కనిపెట్టినవారు దాన్ని ఆటకు వాడలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆర్కిటిక్ ప్రజలు చెక్క, ఎముకల చట్రం మీద సీలు చర్మం కప్పి చేసుకున్న ఆ పడవ వేటకు, అంటే తిండికి. బోల్తా పడ్డ పడవను తిరగవేసే విద్య కూడా మంచునీటిలో బయటపడితే బతకరు కాబట్టి పుట్టినదే. 1921 నుంచి 1924 దాకా ఆర్కిటిక్ కెనడాలో తిరిగిన క్నుడ్ రాస్‌ముసెన్ అక్కడివారి నమ్మకాల గురించి అడిగినప్పుడు, ఇగ్లూలిక్ ప్రాంతపు షామన్ అవువా తాము నమ్మమనీ, భయపడతామనీ చెప్పాడు. వాతావరణానికి, ఆకలికి, చంపిన జంతువుల ఆత్మలకు భయం. ఆ భయమే వారి నియమాలకు మూలం. అవసరంతో వెళ్లినవాడి భయాన్ని ఏ శాస్త్రమూ నిందించదు. అవసరం లేకుండా అదే పడవ ఎక్కినవాడు భయాన్ని వెతుక్కుంటూ వెళ్లినట్టవుతుంది కనుకనే అతడి మీద ప్రశ్న నిలుస్తుంది.

దీనికి వేదాంతంలో ఒక జవాబు సిద్ధంగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఏ కొరతా లేని బ్రహ్మం సృష్టి ఎందుకు చేసిందన్న ఆక్షేపణకు బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం, అది కేవలం లీల అని సమాధానమిస్తుంది; కోరికలన్నీ తీరిన రాజు విహారంలో ఆడినట్టని శంకరుడి వివరణ. ప్రయోజనం లేని పనిలోనే నిండుతనం ఉందని, కాబట్టి జలపాతం దిగడం లీలలో పాలుపంచుకోవడమని వాదించే ఆధ్యాత్మిక సాహసికులు ఉన్నారు. వాదం అందంగా ఉంది గాని అతకదు. లీల ఆడేవాడు ఆటలో ఏమీ పోగొట్టుకోడు. కయాక్ ఎక్కినవాడు పోగొట్టుకోగలడు, అతడి ఆటకు ఆ రుచి వచ్చిందే పోగొట్టుకోగలడు కాబట్టి. దీన్ని ఈశ్వరలీలతో పోల్చడం కన్నా, శాస్త్రం చెప్పిన ఆ మూడో తరగతిలోనే ఉందని ఒప్పుకుని, ఆ తరగతిలో చూసి ఆడేవాడినీ చూడక ఆడేవాడినీ విడదీసి చూడటం నిజాయితీగా ఉంటుంది. నిబంధకారులు ఆ పని చేయలేదు. మనువు పెట్టిన చూపు షరతుతో, గీత పెట్టిన నాలుగు పరీక్షలతో ఆ పని చేయవచ్చు. చూసి ఆడినవాడు కూడా పూర్తిగా నిర్దోషి కాడు, ఎందుకంటే కింద తొలిచిన బండ చూపుకు అందదు, ఇంట్లోవారు గట్టు మీద లేరు. కాని దోషం తగ్గుతుంది, ఎంత తగ్గుతుందన్నది పడవ భుజానికెత్తుకునే సిద్ధపాటు ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. నడిచిపోవడం సాధ్యమని మనసులో నిజంగా ఒప్పుకోనివాడి పరిశీలన ముందే తేల్చుకున్న నిర్ణయానికి సాక్ష్యం పోగుచేయడమే.

ఈ చూపు షరతుకు ఇటీవల ఒక కొత్త చిక్కు వచ్చి పడింది. హెల్మెట్ మీద బిగించిన చిన్న కెమెరాలు వచ్చాక, ప్రసిద్ధమైన ప్రతి దూకుడునూ ఎవరో ఒకరు దిగిన వీడియో దొరుకుతుంది. ఇంట్లో కూర్చుని ఇరవై సార్లు చూసినవాడికి ఆ చోటు కంటికి ఆనినదే అన్న భ్రమ కలుగుతుంది, ఎడ్డీలో ఆగి రాతి మీదికి ఎక్కే ఓపిక తగ్గుతుంది. వీడియోలో కనిపించేది మరొకరి సామర్థ్యం, మరో ఏటి నీటిమట్టం, దిగగలిగిన రోజు మాత్రమే. దిగకుండా నడిచిన రోజులను చిత్రీకరించి పంచేవారు అరుదు. వాగు మాత్రం ఏటేటా మారుతుంది. చలికాలపు తుఫానుకు పైన కూలిన పైన్ చెట్టు వసంతపు వరదలో కొట్టుకొచ్చి, నిరుడు అందరూ దిగిన ఇరుకులోనే నీటి కింద అడ్డంగా చిక్కుకుని ఉండవచ్చు, దాని సంగతి ఆ ఉదయం బండ ఎక్కి కొమ్మ విసిరినవాడికి తప్ప తెలిసే దారి లేదు.